మునుసామి వెనకాల పార్టీ

1937 జనవరి 3

పత్తి ఏజెంటు కొత్త సంవత్సరమని ఈ డైరీ ఇచ్చాడు. ఎర్ర అట్ట, నున్నటి కాగితం. ఇకమీదట ఇందులో జమాఖర్చులు మాత్రమే రాస్తాను. తెలుగులో రాస్తాను. ఈ అరవదేశంలో మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడినా చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. తాత బెత్తం పట్టుకుని నేర్పాడు.

జమ: లేదు.

ఖర్చు: రేపు రాస్తాను.

జనవరి 4

ఖర్చు రాయడానికి కూర్చుంటే తలనొప్పి వచ్చింది. తైలం, నాలుగణాలు. అదొక్కటి రాశాను.

జనవరి 11

కోవిల్‌పట్టిలో మునుసామి పట్టుకున్నాడు. పట్టుకున్నాడు అనకూడదు. ఇద్దరం కలుసుకున్నాం. నేను బజారు వదిలేసి వెనక సందులోంచి పోతున్నాను, అతను ఆ సందులోనే ఎదురొచ్చాడు.

"ఏమి తిరుపతిసామి నాయుడూ, ఈ సందులో పోతా ఉండారు?"

"నీడ కోసరం."

"పొద్దు నడినెత్తిన ఉండాది. నీడ యాడిది?"

మునుసామి మనవాడే. స్టేషన్ రోడ్డులో అరుగు మీద కూర్చుని వడ్డీలకు ఇస్తాడు. ఏడేళ్ళ కిందట మా తూర్పు చేను కుదువ పెట్టుకుని పదకొండు వందలు ఇచ్చాడు. అప్పుడు పత్తి ధర పడిపోతూ ఉండింది. దీపావళికి లేస్తుంది, లేవగానే తీర్చేస్తానని చెప్పాను. ఏ దీపావళి అని నేను చెప్పలేదు, అతను అడగలేదు. మొదట్లో వడ్డీ సరిగానే కట్టాను. రెండేళ్ళుగా అదీ లేదు.

"దుడ్లు నావైతే నేను నోరు తెరుస్తానా నాయుడూ? నా వెనకాల ఒక పార్టీ ఉండాది. దానికి జాలి గీలి ఏమీ తెలవదు. చిత్తిర నెల దాటితే చేను కోర్టుకు పోవాల అంటా ఉండాది."

"ఎవురయ్యా ఆ పార్టీ?"

"చెప్పితే నన్ను పచ్చిగా నమిలేస్తాది."

ఇంటికి వచ్చి అక్కతో చెప్పుకున్నాను. పెరియనాయగి అక్క నాకు తల్లి లెక్క. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది, అమ్మ పోయాక నన్ను పెంచింది. మెట్టినింటివాళ్ళు ఆమె వంతని ఏదో సొమ్ము ఇచ్చారు. తిరుపతికీ రామేశ్వరానికీ పోయివచ్చింది కదా, అది అయిపోయే ఉంటుంది. ఎన్నడూ అడగలేదు. పోషించేవాడు అట్లాంటివి అడగడం మర్యాద కాదు.

"అక్కా, ఎవడో మహాపాపి, మొగం చూపకుండా మన నెత్తురు తాగతా ఉండాడు," అన్నాను.

అక్క వేరుశెనక్కాయలు వలుస్తూ, "ఇచ్చినోళ్ళకీ కడుపుంటాది గదరా," అంది.

అక్కకు లోకం తెలియదు.

జనవరి 20

పొదుపు మొదలుపెట్టాను. పొద్దున ముక్కుపొడుం మానేశాను. సాయంత్రానికి ఆలోచిస్తే పొడుం ఖర్చు కిందికి రాదు, మందు కిందికి వస్తుంది. అందుకని దాన్ని ఉంచి, రంగమ్మాళ్‌ను కాఫీ మానమన్నాను.

"నా కాపి నిలిపితే మీ అప్పు తీరునా?" అంది నా భార్య. "ఆ విల్లుబండి అమ్మండి."

ఆడవాళ్ళకు అర్థం కాదు. మా పెదనాన్న కొడుకు రామానుజం సవారీకని గూటి విల్లుబండి కొన్నాడు గనక నేనూ కొన్నాను. అది అమ్మితే నాకు అప్పున్నదని ఊరికి తెలిసిపోతుంది. బండి గంటలు వినిపిస్తున్నంతకాలం ఊరు నన్ను నమ్ముతుంది. ఇదంతా నిదానంగా చెప్పాను.

"నమ్మి ఏమి జేస్తాది ఊరు? మీ వడ్డి కడతాదా?"

మాట మార్చాను.

ఫిబ్రవరి 2

విరుదునగర్ పోయివచ్చాను. అక్క ఇంకా విరుదుపట్టి అనే అంటుంది. మిరపకాయలూ పత్తీ కొనే మండీ యజమాని తంగరాజ్‌కు నేను ఆరువందల నలభై బాకీ. గడువు అడగడానికి పోయాను.

ఆ వీధిలో అడుగుపెడితే మిరప ఘాటుకు అందరూ తుమ్మడమే. అందరి కళ్ళలోనూ నీళ్ళే. అప్పులవాడికి అంతకంటే మంచి ఊరు లేదు.

తంగరాజ్ "వాంగ నాయక్కరే", అంటే రండి నాయుడుగారూ, అని లేచి నిలబడ్డాడు. చాప వేయించాడు. సోడా తెప్పించాడు. అరవంలో నా పంట అడిగాడు, అక్క ఆరోగ్యం అడిగాడు. అంత మర్యాద చేసిన మనిషి దగ్గర బాకీ మాట ఎత్తితే ఏం బాగుంటుంది? వట్టి చేతులతో వచ్చానని అనుకుంటాడేమోనని, కూలీలకు కావాలని చెప్పి ఇంకో ఎనభై తీసుకున్నాను.

పోయిన పని అయింది. బాకీ గురించి మాట్లాడి వచ్చాను. ఇప్పుడది ఏడువందల ఇరవై.

ఫిబ్రవరి 3

చేను గురించి ఆలోచించలేదు.

ఫిబ్రవరి 4

ఈరోజూ లేదు.

మార్చి 9

కోవిల్‌పట్టిలో ప్లీడరు గుమాస్తా ఒకాయన కొత్త సంగతి చెప్పాడు. సర్కారు అప్పుల రాజీ బోర్డు పెట్టిందట. బాకీపడ్డ రైతూ, ఇచ్చినవాళ్ళూ ఒకచోట కూర్చుంటారు. ఛైర్మన్ నడుమ ఉండి కొంత తగ్గించమని అడుగుతాడు. మిగిలినది ఏడాదికింత అని కంతులు కడతారు. కంతు తప్పకుండా కట్టినంతకాలం చేను మీదికి ఎవరూ రారు.

"ఒక స్నేహితుడి కోసం అడుగుతున్నాను," అన్నాను.

"మంచిది. మీ స్నేహితుడు ఒక్క బాకీ కూడా దాచకూడదు. అందరి పేర్లూ చెప్పాలి."

"చేబదుళ్ళు కూడానా?"

"చేబదుళ్ళు కూడా."

స్నేహితుడి ఊరూ, తండ్రి పేరూ అడిగాడు. చెప్పాను. స్నేహితుడి పేరు మాత్రం అడగకుండానే కాగితం మీద తిరుపతిసామి నాయుడు అని రాసుకున్నాడు.

మార్చి 10

దాచకుండా రాయమన్నాడు గనక రాశాను. మునుసామి. తంగరాజ్. జవుళి కొట్టు. గానుగవాడు. రామానుజం దగ్గర నూటయాభై. రామానుజం అన్న వరస, అతనిది అప్పు కాదనుకుని ముందు వదిలేశాను, తరవాత రాశాను. మొత్తం వేశాను. పుస్తకం మూసి, మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను. అంతే ఉంది.

తూర్పు చేనికి పోయాను. పత్తి విచ్చింది. అక్క కూలి ఆడవాళ్ళతోపాటు వంగి ఏరుతోంది. ఈ చేనిలో తుమ్మ చెట్లు పీకడానికి నాన్న మూడు వేసవులు పడ్డాడు. నేను చిన్నవాణ్ణి, ముళ్ళు గుచ్చుకుంటాయని అక్క నన్ను చంకన వేసుకునే తిరిగేది. ఇది పోతే నేను ఎక్కడ నిలబడి నా ఊరు అనాలి?

"ఏమిరా, మొగం అట్ల ఉండాది?" అంది అక్క.

"ఎండక్కా."

"ఎండైతే తలగుడ్డ కట్టు. ఇంకేమన్నా అయితే చెప్పు."

తలగుడ్డ కట్టుకున్నాను.

మార్చి 15

బోర్డుకు అర్జీ పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. కడంబూరులో ఎద్దులు చూడడానికి పోతున్నానన్నాను.

ఏప్రిల్ 25

రేపు బోర్డు. అప్పు ఇచ్చినవాళ్ళందరికీ నోటీసులు పోయాయి. మునుసామి వెనకాల పార్టీ కూడా రావాలట. వస్తే ఆ మొగం ఒక్కసారి చూడాలి. చూసి రెండు మాటలు అడగాలి. మాటలు సిద్ధం చేసుకున్నాను.

మళ్ళీ ఎద్దులు చూడబోతున్నానని ఇంట్లో చెప్పాను. అక్క తనకూ రేపు కోవిల్‌పట్టిలో పనుంది, కళ్ళు చూపించుకోవాలంది. బండిలో చోటు లేదన్నాను. పాపం.

ఏప్రిల్ 26

ఈరోజు రాయలేను.

ఏప్రిల్ 27

రాస్తాను.

బోర్డు వసారాలో బెంచీలు వేశారు. తలగుడ్డ కనుబొమల దాకా దించుకుని ఒక మూల కూర్చున్నాను. పక్కన ఇంకొకడు తలగుడ్డ ముక్కుదాకా దించుకుని ఉన్నాడు. ఇద్దరం ఒకేసారి తుమ్మాం. ఆ తుమ్ము నేను ఎరుగుదును. రామానుజం.

"నువ్వా? ఈడెందుకు వస్తివి?" అన్నాడు, నా నోటీసు తనకు అందనట్టే.

"ఎద్దులు చూడ వస్తిని. నువ్వు?"

"నేనూ ఎద్దులకే."

వసారా అంతా చూశాం. ఎద్దు ఒక్కటీ లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళ పెద్దమనుషులు మాత్రం చాలామంది ఉన్నారు, అందరూ తలగుడ్డలు దించుకుని. అంతలో బంట్రోతు బయటికి వచ్చి "రామానుజం! రామానుజం!" అని అరిచాడు. రామానుజం కదలలేదు. రామానుజం నేనే అయినట్టు నా వైపు చూశాడు.

"పిలస్తా ఉండారు," అన్నాను.

"వేరే రామానుజమేమో," అని, మూడో పిలుపుకు లేచి పోయాడు.

అంతవరకూ ఆ విల్లుబండి ఎట్లా కొన్నాడా అనుకునేవాణ్ణి. లోపలినుంచి తంగరాజ్ గొంతు వినిపించింది. రామానుజం నాకు ఇచ్చిన నూటయాభై కూడా తంగరాజ్ దగ్గర తెచ్చిందేనట. నా మనసుకు ఎంత హాయి కలిగిందో రాయకూడదు.

అప్పుడు జట్కాలోంచి మునుసామి దిగాడు. వెనక అక్క దిగింది. నాకు గుండె కరిగిపోయింది. ఎవరో చెప్పేసి ఉంటారు, తమ్ముడి పరువు పోతోందని పరుగున వచ్చింది.

"అక్కా, నువ్వెందుకు వస్తివి? ఇంటికి పో. నేను చూసుకుంటాను."

"జరుగు," అంది అక్క. "నేను కూర్చోవాల."

"ఇది బాకీలవాళ్ళ చోటు."

"తెలుసు."

మునుసామి ఆకాశం వైపు చూస్తున్నాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. కళ్ళ డాక్టరు ఇల్లు అటు కాదు, స్టేషన్ అవతల అని చెప్పాను కూడా.

లోపలికి పిలిచారు. ఛైర్మన్‌ది నెల్లూరు వైపు. మా తెలుగు విని నవ్వి, "ఈ మాటలు మా తాతమ్మ నోట విన్నాను," అన్నాడు. కాగితం చూసి, "పదకొండు వందలు, పైన రెండేళ్ళ వడ్డీ. మునుసామీ, ఏమంటావు?" అని అడిగాడు.

"అయ్యా, నేను చేతులు మాత్రమే. దుడ్లు ఈయమ్మవి."

గదిలో ఈయమ్మ అనదగ్గది ఒక్కతే ఉంది. సిద్ధం చేసుకున్న రెండు మాటలూ మరిచిపోయాను.

"మీరు ఈయనకు ఏమవుతారమ్మా?"

"అక్కను."

"సొంత తమ్ముడికి ఇంకొకరి చేతిమీద వడ్డీకి ఇచ్చారా?"

"ఈనికి నేరుగా ఇస్తే తిరిగొచ్చునా సామీ? అక్కే గదా అని మింగేస్తాడు. ఊరోని చెయ్యైతే భయముంటాది. నెలకు నూటికి రూపాయిన్నర కడతా వచ్చె. అర్ధరూపాయి మునుసామికి, రూపాయి నాకు."

"మరి చేను కోర్టుకు పెడతానన్నారట?"

"పెడతాననలా. పెడతానని చెప్పమంటిని."

ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తంగరాజ్ వంతు ముందు అడిగాడు. తంగరాజ్ అరవంలో, వడ్డీ వదిలేస్తాను, అసలు నాలుగేళ్ళలో వస్తే చాలు, నాయక్కర్ పత్తి నా మండీకే తేవాలి అన్నాడు. మంచి మనిషి. జవుళి కొట్టువాడూ గానుగవాడూ వచ్చే పంటకు అసలు తీసుకుంటామన్నారు. రామానుజం నేను తనకు ఇవ్వాల్సిన నూటయాభై నేరుగా తంగరాజ్‌కే చేరేటట్టు ఒప్పుకున్నాడు, తలగుడ్డ ఎత్తకుండా. చివరికి ఛైర్మన్ అక్క వైపు తిరిగాడు.

"అసలులో కొంత తగ్గించుకుంటారా అమ్మా? తమ్ముడే కదా."

"తమ్ముడు గనకనే కాసు తగ్గను. పరాయోడైతే పాపమని వదిలేస్తును."

"వడ్డీ అయినా?"

అక్క నా వైపు చూసింది. ముళ్ళలోంచి ఎత్తుకుని నడిచిన రోజుల్లో అట్లాగే చూసేది, కాలు నిజంగా నొప్పా, వేషమా అని.

"వడ్డి అంతా వదిలేస్తాను. అయితే విల్లుబండి అమ్మాల. ఏడాదికింతని ఆరేండ్లు కట్టాల. పంట దుడ్లు ముందు నా ముందర పెట్టాల. ఇంటి కర్చుకు నేను ఇస్తాను. పొడుముకూ నేనే ఇస్తాను."

"ఒప్పుకుంటారా నాయుడుగారూ?" అన్నాడు ఛైర్మన్.

నలభై మూడేళ్ళవాణ్ణి. ఊళ్ళో నా మాటకు విలువ ఉంది. ఆ మాటే అందామనుకున్నాను.

"పొడుముకు వారానికి ఎంత?" అని అడిగాను.

"రెండణాలు."

"మూడు."

"రెండే."

సంతకం పెట్టాను. బయటికి వచ్చాక అక్క మునుసామితో అంది: "పాపం, ఆ దొర బాగా చదువుకొన్నాడు గానీ, తెలుగు సరిగా రాలా."

ఏప్రిల్ 28

అక్కతో మాట్లాడడం లేదు. ఆమెకు తెలిసినట్టు లేదు.

ఏప్రిల్ 29

ఇంకా మాట్లాడడం లేదు. రంగమ్మాళ్‌కు సంగతి తెలిసింది. నా వైపు ఉంటుందనుకున్నాను. అక్క దగ్గర కూర్చుని తన కాఫీకి నెలకు ఎంత వస్తుందో మాట్లాడుకుంది. వస్తుందట.

ఏప్రిల్ 30

మాట్లాడాను. సజ్జ సంకటి వడ్డిస్తూ ఉంటే అడిగాను.

"ఐదేండ్లు నా వడ్డి తింటివి గదక్కా. ఏమి చేస్తివి?"

"నేను తినలా. నువ్వు తింటివి."

"నేనా?"

"నడుమ రెండేండ్లు వాన లేకపాయె. గాదెలో సజ్జలు అడుగంటలా, గురుతుండాదా? యాడినించి వచ్చెనని ఒక్కనాడైనా అడిగితివా? ఎద్దు పడిపాయె, వారంలో ఇంకో ఎద్దు వచ్చె. మునుసామి వాయిదాకి ఇప్పించెనని నువ్వు ఊరంతా చెప్పుకొంటివి. వాయిదా ఎవురు కట్టిరని అడిగితివా?"

ఆ రెండేళ్ళూ మా గాదెలో లక్ష్మి ఉందని నేను అందరితోనూ అన్నమాట నిజం. పక్క ఊరివాళ్ళు సంతలో సజ్జలు కొనుక్కుంటుంటే జాలిపడి సలహాలు కూడా ఇచ్చాను.

"నాతో చెప్పితే ఏమి, అక్కా?"

"చెప్పితే దుడ్లుండాదని ఇంకో బండి కొందువు."

దానికి జవాబు ఉంది. రేపు చెబుతాను. అక్క నీళ్ళ చెంబు ముందుకు జరిపి, ఇంకొంచెం చారు పోసింది.

మే 1

జవాబు తోచలేదు.

మే 12

విల్లుబండిని కడంబూరు కంట్రాక్టరు కొన్నాడు. ఊరి నడివీధిలోంచే తోలుకుపోయాడు. నేను లోపల పడుకుని గంటల మోత దూరమయ్యేదాకా విన్నాను. బయటికి వచ్చేసరికి రామానుజం అరుగు మీద ఉన్నాడు.

"అమ్మేస్తివా?"

"అమ్మేస్తిని."

"ఎంతకి?"

చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ కంట్రాక్టరికి ఇంకొకటి కావాలనునా?" అన్నాడు.

ఇన్నేళ్ళకు ఇద్దరం కలిసి నవ్వాం.

జూన్ 21

పత్తి విరుదునగర్‌లో తంగరాజ్ మండీకి చేర్చాను. ధర గొప్పగా ఏమీ లేదు. తన కంతు తను పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టాడు. సోడా తెప్పించాడు. ఈసారి సోడా మాత్రమే తీసుకుని వచ్చాను.

రైలు కోవిల్‌పట్టిలో దిగి మునుసామి అరుగు మీదికి పోయాను. అక్క అప్పటికే వచ్చి కూర్చుంది. రూపాయలు రెండుసార్లు లెక్కపెట్టింది. ఒకటి రాతిమీద మోగించి చూసింది. మునుసామి రసీదు రాశాడు, అక్క వేలిముద్ర వేసింది. నా చేతికి ఇస్తూ, "భద్రం. పారేస్తే మళ్ళీ అడుగుతాను," అంది. తరవాత కొంగు ముడి విప్పి, పొడుముకని రెండణాలు ఇచ్చింది. ఆమె జట్కాలో ముందు పోయింది, నేను బజారు పని చూసుకుని నడిచి వస్తానన్నాను.

బజారులో జవుళి కొట్టువాడు లోపలికి పిలిచాడు. మదురై నుంచి అంగవస్త్రాలు వచ్చాయట. ఒకటి విప్పి నా భుజం మీద వేశాడు. అద్దం పట్టుకున్నాడు.

"నాయక్కరే, ఇది మీ కోసమే నేసినారు. దుడ్లకేమి, మెల్లిగా ఇస్తురు. మీ పాత బాకీనే పంటకి అంటిమి గదా, దాంతో కలిపేస్తాను."

అద్దంలో నేను నిజంగానే బాగున్నాను. ఎంత అని అడిగాను. చెప్పాడు. సరే కట్టు అనబోయాను.

"మా అక్కను అడిగి చెప్తాను," అంది నా నోరు.

కొట్టువాడు ఒక్కక్షణం నన్ను చూశాడు. అంగవస్త్రం నా భుజం మీదినుంచి తీసి మడత పెట్టేశాడు.

ఇంటికి వచ్చి, దాచడం ఎందుకని, అక్కతో జరిగింది చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. ధర అడిగింది. చెప్పాను.

"దొంగనాయాలు, ముప్పావలా ఎక్కువ చెప్పినాడు," అంది.

పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"అంచు ఏమి రంగురా?" అని అడిగింది.